మల్లెలను మేల్కొల్పు కాగితము

వైశాఖమాసమునందలి యొక ప్రభాతవేళ గోదావరీసైకతములమీఁదినుండి వీతెంచు చల్లనిగాలి లంకతోఁటల యరఁటియాకులను మెల్లమెల్లనఁ గదలించుచుండఁ బ్రాచీదిగంతము కుంకుమరాగరంజితమై వెలుఁగుచుండ మల్లెలును లిల్లీలును గనకాంబరములును గులాబీలును రాసులు రాసులుగాఁ బోయఁబడిన కడియపులంక పూలసంత నానావర్ణచిత్రితమగు తివాచివలెఁ గనుపట్టుచుండెను. తక్కెడల చప్పుడును ధరలు పలుకువారి కేకలును నొకదానితో నొకటి పెనఁగొనుచున్న యా సందడినడుమ నొక యట్టపెట్టెను జేతఁబట్టుకొని యెవరిని బలుకరింపవలయునో తెలియక యొక స్త్రీ నిలువఁబడి యుండెను.

ఆమె పేరు హైమవతి. ఆ ప్రాంతపు విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము బోధించు నాచార్యురాలు. కోసిన పువ్వులు తమంతఁ దాము విడుచు నొక సూక్ష్మవాయువే వానిని విచ్చఁజేసి పిదప వాడఁజేయునని యెఱిఁగిన యామె యా వాయువును బీల్చివేయు నొకజాతి మన్ను నరఁటినార గుజ్జుతోఁ గలిపి కాగితముగా నొత్తి యందు మల్లెమొగ్గలను జుట్టి యాఱేండ్లు పరీక్షించెను. మూఁడుదినములు గడచినను మొగ్గ వాడలేదు. ముడి వీడలేదు. తెలుపు తగ్గలేదు. పరిశోధనఫలములను విపణికిఁ జేర్చుటకై విశ్వవిద్యాలయమువా రేర్పఱచిన కార్యాలయపు టధికారి పరాంకుశముగా రది చూచి సంతసించి తొలి పేటెంటు దరఖాస్తు దాఖలు చేయించిరి. పండ్రెండు నెలలలోఁ బూర్తి దరఖాస్తు సమర్పింపనిచో హక్కు జాఱిపోవును. కాగితమును దయారుచేయుటకు ముందునకు వచ్చువాఁడు లేనిచో విశ్వవిద్యాలయమువారు పూర్తి దరఖాస్తునకుఁ బూనుకొనరు. పది నెల లట్లే గడచిపోయెను.

తుద కొక కాగితపుమిల్లు యజమాని రామభద్రరాజుగారు పెట్టె తెఱచి మొగ్గలను జూచి యామెతో నిట్లనిరి.

"బాగున్నాయండి. కానీ మీ ల్యాబు మాటమీద నేను మిల్లు తిప్పలేనండి. పూలవాళ్లు ఇది కావాలని అడిగితే అప్పుడు చేస్తాను."

పువ్వు లేమి చేయునో యాఱేండ్లు పరికించిన హైమవతి పూలవా రేమి చేయుదురో యొక్కదినమైనను జూచి యుండలేదు. అందువలననే యామె యా సంతకు వచ్చినది.

సంతకొసన బుల్లెమ్మ యను వృద్ధ గోనెపట్టాపైఁ గూర్చుండి మాల కట్టుచుండెను. నలువదియేండ్లుగాఁ బట్టణములకు మల్లెబుట్టలు పంపుచున్న యామె వ్రేళ్లు చూపుతోఁ బనిలేకయే దారమును ముడివేయుచుండెను. హైమవతి పెట్టె తెఱచి చూపఁగాఁ జుట్టును జేరినవారు మెచ్చుకొనిరి. బుల్లెమ్మ మాత్ర మొక మొగ్గ నెత్తి వ్రేళ్లనడుమ దొరలించి వాసన చూచెను.

"ఎప్పుడు కోసినవండీ ఇవి?"

"మూడు రోజులైంది."

"మరెప్పుడు విచ్చుతాయండీ?"

"విచ్చవు. అదే దీని గొప్ప" అని హైమవతి కొంత గర్వముతోఁ బలికెను.

బుల్లెమ్మ మొగ్గను మరల పెట్టెలో నుంచెను. "అయితే ఎవరూ కొనరండి. చేత్తో మొగ్గని కొన్నా మనసులో పువ్వునే కొంటారండి. తల్లో పెట్టుకున్నాక దీపాలవేళకి విచ్చి గుప్పుమనాలి. మీవి చావలేదు, నిజమే. బతికీ లేవండి."

చుట్టునున్నవారు నవ్విరి. హైమవతి ముఖము క్షణకాలము వివర్ణమయ్యెను. తాను దన పుస్తకములలో విచ్చని ప్రతిమొగ్గకు నెదురుగా జయచిహ్నము నుంచుచు వచ్చిన సంగతి యామెకు స్ఫురించెను. కాని యా సిగ్గువెన్వెంటనే దానికంటె బలవత్తరమైన కుతూహల మామె హృదయమునఁ దలయెత్తెను. పెట్టె మూసికొని మరలిపోవుటకు మాఱుగా నామె గోనెపట్టాయంచునఁ గూర్చుండెను.

"తొందరగా విచ్చాలంటే మీరేం చేస్తారు?"

"తడిగుడ్డ కప్పుతామండి. పెళ్లివారు ఆరింటికి పువ్వు కావాలంటే నాలుగింటికి తడుపుతాం. మీ కాగితాన్నీ తడిపి చూడకపోయారా?"

హైమవతి నివ్వెఱపడెను. తడిసిన మన్ను వాయువును బీల్చుట మానివేయునని యామె మొదటియేఁటనే కనిపెట్టి దానిని లోపముగా వ్రాసికొని నాఁటినుండి యా కాగితమునకు నీటిచుక్క సోఁకనీయలేదు. పొడిగా నున్నంతకాలము నిద్రపుచ్చి తడిసినతోడనే మేల్కొల్పు కాగితము తన చేతిలోనే యున్నదని యామె యప్పుడు గ్రహించెను.

గ్రహించుట సులభము గాని సాధించుట సులభము గాకపోయెను. తడిపిన కాగితము మొదట గుజ్జై మొగ్గల కంటుకొని వానిని గోధుమవన్నెకుఁ దెచ్చెను. నార యెక్కువైనచో నీరు లోని కింకలేదు. తక్కువైనచోఁ గాగితము చినిఁగెను. బుల్లెమ్మ వారమున కొకమాఱు బస్సెక్కి ప్రయోగశాలకు వచ్చి కాగితమును బుగ్గకు నానించి చూచి "ఇంకా బిరుసండి" యని చెప్పి పోవుచుండెను. పదునేడవ కాగితమున మూఁడుదినములు చుట్టియుంచిన మొగ్గలపై నొక మధ్యాహ్నము నాలుగుగంటల కామెయే నీరు చిలికెను. ఆఱు గంటలు దాఁటుచుండఁగా నొక మొగ్గ కొస సడలెను. పిదప వేఱొకటి. ఆమ్లగంధముచే నెల్లప్పుడు నిండియుండు నా గది కొంతసేపటికి మల్లెల పరిమళముతో నిండిపోయెను.

పూలవారే కోరుచుండుటఁ జూచి రామభద్రరాజుగారు సమ్మతించిరి. పూర్తి దరఖాస్తునకుఁ దొమ్మిదిదినముల గడువు మిగిలియుండెను. ఆవిష్కర్తల పేళ్లు వ్రాయవలసిన చోట హైమవతి తన పేరుక్రింద బుల్లెమ్మ పేరు వ్రాయఁగాఁ బరాంకుశముగారు కలము క్రింద నుంచిరి.

"మేడమ్, ఆవిడ మన ఉద్యోగి కాదు, విద్యార్థీ కాదు. ఇప్పుడు ఈ పేరు పెడితే న్యాయవాది దగ్గరికి వెళ్లాలి. గడువు దాటితే మొత్తం పోతుంది. కృతజ్ఞతలు చెబుతూ ఎక్కడైనా వేద్దాం."

ఆఱేండ్ల శ్రమయు నొక పేరును దన యెదుటఁ ద్రాసులోఁ దూఁగుచున్నట్లు హైమవతికిఁ దోఁచెను. నోరు మెదపకున్న నెవరును నడుగరు. బుల్లెమ్మయు నడుగదు.

"తడపమన్నది ఆవిడండీ. తడపకూడదని రాసుకున్నది నేను. ఆవిడ పేరు లేకుండా సంతకం పెడితే అబద్ధం మీద పెట్టినట్టే. పోతే పోనివ్వండి."

పరాంకుశముగారు నిట్టూర్చి కాగితములు తీసికొని వెడలిరి. ఆఱవదినమున మరలివచ్చి మీ మాటయే న్యాయమని న్యాయవాదియు ననెనని చెప్పిరి. బుల్లెమ్మను బిలిపించి హక్కుల యొడంబడిక చదివి వినిపింపఁగా నామె శ్రద్ధగా విని యొక్కప్రశ్న వేసెను.

"సంతకం పెట్టాక నా పూలు నేను కట్టుకోవచ్చాండీ?"

"కట్టుకోవచ్చు. ఈ కాగితం ఎవరు చేసినా మీకూ వాటా వస్తుంది" అని పరాంకుశముగారు బదులు చెప్పిరి.

బుల్లెమ్మ యొక్కొక్క యక్షరమును బూవు గ్రుచ్చినట్లు కూర్చి సంతకము చేసెను. ఆవిష్కర్త వృత్తి యను గడిలో హైమవతి "మాలలు కట్టుట" యని వ్రాసెను.

శ్రావణమాసమున మిల్లులోఁ దయారైన కాగితమునఁ జుట్టిన తొలిబుట్ట రైలుపై ఢిల్లీనగరమునకుఁ బోయెను. హైమవతి వెంటఁ బోయి యచటి పూలయంగడిలో నాలుగుగంటలకు నీరు చిలికించి కూర్చుండెను. విచ్చినపిదప బుల్లెమ్మకు ఫోను చేసెను.

"విచ్చాయి బుల్లెమ్మగారూ. అన్నీ విచ్చాయి."

"ఎన్నింటికండీ?"

"ఆరున్నరకి."

"అరగంట ఆలస్యమండి. కాగితం ఇంకాస్త పల్చగా ఉండాలి."

హైమవతి చిఱునవ్వుతో సంచిలోనుండి పుస్తకమును దీసి క్రొత్తపుట తెఱచి యా మాటను మొదటి వరుసగా వ్రాసికొనెను. ఏండ్లతరబడి యేకాంతమున సాధించిన విద్య దాని నుపయోగించువారి చేతఁ బడినవెనుక మరల నేర్చుకొనవలసిన విద్యయే యగునని యామె యెఱింగెను. అంగడిలో నమ్ముడువోవుచున్న మల్లెదండలు పేరెఱుఁగని తలలలో నిలిచి యా వీధి కొసదాఁకఁ బరిమళించుచు సాఁగిపోయెను.