ఝరణా మెలోడీ రాని ఆదివారం

"ఆ పాటలెట్టుకోవే వాసవీ, చెయ్యి గబగబా ఆడతాది" అని అత్తగారు భారతీదేవి అన్న రోజున, తనదనుకున్న గిన్నె మీద అత్తవారి ఇంటిపేరు చెక్కించేసినట్టు అనిపించింది వాసవీకుమారికి. అంతవరకూ ఆ పాటలు ఆమెవి. బరంపురం లంజిపల్లిలో వాళ్ల మేడ వెనకాల రేకుల షెడ్డులో పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా అప్పడాలు ఒత్తుతున్నంతసేపూ కిటికీ గూట్లోని పాత టేప్ రికార్డరులో తిరిగేది ఒకటే కేసెట్టు, కటక్ నుంచి వచ్చిన ఝరణా మెలోడీ వాళ్లది. బరంపురంలో పాటల పార్టీని మెలోడీ అనే అంటారు. దసరాకి ప్రతి సందులోనూ ఒక మెలోడీ దిగుతుంది, చెవులు చిల్లులు పడతాయి. ఝరణా వాళ్లు అలాంటి వాళ్లు కాదు. అందులో పాడే గౌరి పాత్రపూర్ వైపు తెలుగు పిల్ల. ఒడియా పాట ముగించి, తెలుగు పాట ఎత్తుకునే ముందు ఆమె ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా ఆ కేసెట్టులో పడింది. వాసవికి పాటలకన్నా ఆ చప్పుడంటే ఇష్టం. ఒక ఆడమనిషి తనకోసం గుండెల నిండా ఊపిరి తీసుకోవడం ఆ ఇంట్లో మరెక్కడా వినపడదు మరి.

అత్తగారు దాన్ని కూడా పనిలోకి దించేసింది. హుషారు పాటలకి కోడలు రెండు అప్పడాలు ఎక్కువ ఒత్తుతోందని ఆవిడ ఎలా కనిపెట్టిందో గాని కనిపెట్టింది. అప్పట్నుంచి కేసెట్టు రెండో వైపు తిప్పబోతే వద్దనేది. అవి ఏడుపు పాటలట, కర్ర సాగదట. వాసవికి ఇష్టమైనవన్నీ రెండో వైపునే ఉన్నాయి.

బడాబజారులో వాళ్ల హోల్‌సేల్ కొట్టు అప్పడాలకి గంజాం జిల్లా అంతా పేరే. ప్యాకెట్టు మీద మామగారు కాశీవిశ్వనాథం ఫోటో, తలపాగాతో, చిరునవ్వుతో ఉంటుంది. పోయిన మనిషిని ఏమీ అనకూడదు గాని, ఆయన జన్మలో అప్పడాల కర్ర ముట్టుకోలేదు. పిండి దంచిందీ ఒత్తిందీ మొదట భారతీదేవి, తర్వాత పద్నాలుగేళ్లుగా వాసవి. సాయానికి జగ్గమ్మ వస్తుంది. జగ్గమ్మకి వారం వారం కూలి ఇస్తారు, ఆదివారం రాదు. ఒకరోజు ఆమె ఉండలు చేస్తూ చేస్తూ, "మరి నీకు సెలవు ఏ వారమమ్మా?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఆ ప్రశ్న వాసవిలో ఎక్కడో చేప ముల్లులా ఇరుక్కుపోయింది.

ఈ పరిస్థితుల్లో జనవరిలో గోపాల్‌పూర్‌లో సంగీతోత్సవం అని గోడల మీద కాగితాలు పడ్డాయి. సముద్రం ఒడ్డున రెండు రోజులు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఝరణా మెలోడీ. కూరలకి వెళ్లిన వాసవి ఆ కాగితం ముందు ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలీదు, సంచిలో కొత్తిమీర వాడిపోయింది. బరంపురం నుంచి గోపాల్‌పూర్ ఎంత దూరం? బస్సెక్కితే ముప్పావుగంట. భర్త తాతారావు నెలకి రెండు ఆదివారాలు కొట్టు స్నేహితులతో గాలికని అక్కడికి వెళ్లొస్తాడు. ఎందుకెళ్తున్నావని ఇంట్లో ఎవరూ అడగరు. వాసవి గడప దాటాలంటే మాత్రం ఒక పని ఉండాలి. పన్నునొప్పి, పెళ్లి పిలుపు, పిల్లల బడిలో మీటింగు, అమ్మవారి కుంకుమపూజ. పద్నాలుగేళ్లలో ఆమె సముద్రాన్ని మూడుసార్లు చూసింది. ఒకసారి మామగారి అస్థికలు కలపడానికి, రెండుసార్లు చుట్టాలకి చూపించడానికి.

అడగడానికి నాలుగు రోజులు పట్టింది. అన్నం వడ్డిస్తూ మామూలుగా అన్నట్టు అంది. తాతారావు చెడ్డవాడు కాదు. చెయ్యెత్తడు, తాగి రాడు, చీర కొంటే రంగు అడుగుతాడు. బేరం మాత్రం రక్తంలో ఉంది. కాసేపు ఆలోచించి, పర్లాకిమిడి పెళ్లివారి ఆర్డరు శనివారం లోపల అయిపోతే స్కూటర్ మీద తనే తీసుకెళ్తానన్నాడు. వాసవికి ఎంత సంబరమంటే, అది బేరమని కూడా తట్టలేదు. పన్నెండు రోజులు ఒత్తింది. మణికట్టు వాచి గాజులు ఎక్కలేదు, తీసి గూట్లో పెట్టింది. రాత్రిళ్లు నొప్పికి నిద్రపట్టకపోతే ఆదివారం ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించేది. గౌరి పాట మొదలెట్టే ముందు ఊపిరి తీసుకోవడం ఈసారి ఎదురుగా చూస్తాను కదా అనుకునేది. శనివారం మధ్యాహ్నానికి ఆఖరి కట్ట కట్టేసింది.

శనివారం సాయంత్రం కొట్టు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ విప్పుతూ అన్నాడు తాతారావు.

"మీ ఝరణా ఓళ్లు రావట్లేదంట. కమిటీ ఓళ్లు సెప్పేరు. ఇంకేటి, హాయిగా ఇంట్లోనే ఉండొచ్చు."

ఆ ఆఖరి మాటలో ఎంత సుఖముందో వాసవి విన్నది. తీసుకెళ్లే పని తప్పినవాడి సుఖం. జేబులోంచి మడతపెట్టిన కాగితం ఇచ్చాడు. అనివార్య కారణాల వల్ల ఝరణా మెలోడీ కార్యక్రమం రద్దయిందనీ, దానికి బదులు భంజనగర్ నుంచి హాస్యబృందం వస్తుందనీ ఒడియాలో అచ్చేశారు. ఆమె కాగితం చదివి, మళ్లీ మడతపెట్టి, పోపుల డబ్బా కింద పెట్టింది. మళ్లీ తీసి చదివింది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది.

ముందు గౌరి మీద కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, సొంత చెల్లెలు మాటిచ్చి తప్పినంత కోపం. ఇన్నాళ్లూ నీ పాటలకి నా చేతులు అరగదీశానే, ఒక్క సాయంత్రం రాలేకపోయావా? ఏమొచ్చి పడిందే నీకంత అనివార్యం? ఇల్లంతా తిరిగింది. మేడ మీదికి వెళ్లి ఆరిన బట్టలు తీసింది, కిందకొచ్చి అవి మడతపెట్టకుండా మంచం మీద పడేసింది, మళ్లీ మేడ మీదికి వెళ్లింది. ఎందుకెళ్లిందో గుర్తు రాలేదు. గౌరి ఎక్కడో టీలు తాగుతూ నవ్వుకుంటోందనీ, తనలాంటి వాళ్లు ఉన్నారని ఆ పిల్లకి తెలియనే తెలియదనీ అనుకుంటే ఇంకా మండింది.

అన్నాల దగ్గర తాతారావే మిగతాది చెప్పాడు. అదో తమాషా కబురన్నట్టు పప్పు కలుపుకుంటూ చెప్పాడు. "ఆ పాడే అమ్మాయికి కార్తీకంలో పెళ్లయ్యిందంట. మొగుడు పంపనన్నాడంట. ఆ పిల్ల లేకపోతే మెలోడీ ఏటుంటాది, అందుకే మానుకున్నారు."

"మంచి పని సేసేడు" అంది భారతీదేవి, పెరుగు వేసుకుంటూ.

వాసవి గరిటె గిన్నెలో పెట్టేసింది. కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. దాని చోట్లో పద్నాలుగేళ్ల కిందటి ఒక మధ్యాహ్నం వచ్చి కూచుంది. కాలేజీ వార్షికోత్సవం. అచ్చేసిన కార్డులో మూడో పేరు ఆమెది, పాట అని రాసి ఉంది. నెల రోజులు సాధన చేసింది. ఆ రోజే పెళ్లిచూపులు పెట్టారు. పాట ఎప్పుడైనా పాడుకోవచ్చమ్మా, సంబంధం మళ్లీ రాదు, అన్నారు నాన్న. వచ్చినవాళ్లు ఈ తాతారావూ, ఈ భారతీదేవీ. అమ్మాయి పాడుతుందని చెప్పబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డంపెట్టి, పాట సరే గాని పిండి ఉందా, అని అడిగింది. ఆ ఇంట్లో కోడల్ని చూసుకునే పద్ధతే అంత, పిల్ల ఒక అప్పడం ఒత్తి చూపించాలి. అంచు మధ్యభాగంకన్నా మందంగా ఉండకూడదు. వాసవి ఒత్తింది. ఆవిడ దాన్ని ఎత్తి కిటికీ వెలుగులో పెట్టి చూసి, బాగుందంది. అదే సమయానికి కాలేజీలో మైకులో ఎవరో, అనివార్య కారణాల వల్ల వాసవీకుమారి పాట ఉండదు అని చెప్పారట. ఫస్టియర్ పిల్ల ఒకామె ఆ పాట కోసమే వచ్చి, ఇంక ఉండకుండా వెళ్లిపోయిందని మర్నాడు స్నేహితురాలు చెప్పింది. ఆ పిల్ల తనని ఎంత తిట్టుకుని ఉంటుందో ఇప్పుడు తెలిసింది వాసవికి. ఆ పిల్లకి ఎవరూ కారణం చెప్పి ఉండరు.

ఆదివారం పొద్దున్న రోకలి చప్పుడుకి మెలకువ వచ్చింది. షెడ్డులోకి వెళ్లి చూస్తే భారతీదేవి తన చేత్తో పిండి దంచుతోంది. ఐదు కిలోలు. మినప్పిండి, మిరియం, ఇంగువ, అప్పడాలు పొంగడానికి వేసే పిండిఖారం, అన్నీ పడిపోయాయి, నూనె రాసి ముద్ద చేసేసింది కూడా. ఎల్లేది లేదు కదా, పొద్దు పొడుగ్గా ఉంటాదని కలిపీసినాను, అంది. కలిపిన పిండి ఆ రోజే ఒత్తేయాలి, లేకపోతే బిగిసి పగిలిపోతుంది. ఆ సంగతి ఆ ఇంట్లో ఇటుకలకి కూడా తెలుసు. జగ్గమ్మ రాదు. పిల్లలిద్దరూ ఛత్రపూర్‌లో మేనత్త ఇంటికి వెళ్లారు. అంటే ఐదు కిలోలూ వాసవివే. నువ్వు ఖాళీయేనా అని ఆవిడ అడగలేదు. అడగాలని ఆవిడకి తట్టి ఉండదు కూడా. ఆవిడని ఎవరు అడిగారు గనక.

వంటా భోజనాలూ అయ్యాక వాసవి పీట ముందు కూచుంది. పిండిని తాడులా సాగదీసి, దారంతో ఉండలు కోసింది. పది ఒత్తింది, ఇరవై ఒత్తింది. టేపు పెట్టలేదు. కాలు ఊగుతూనే ఉంది, పీట కదిలిపోతోంది, అప్పడాలు వంకర తిరుగుతున్నాయి. ముందు గదిలో తాతారావు టీవీలో క్రికెట్ పెట్టాడు. అంచు మందంగా వచ్చిన అప్పడం ఒకటి చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో చూసింది. దాని అవతల ఎండ, వీధి, వీధి చివర ఆటోల చప్పుడు. ఆ అప్పడాన్ని మళ్లీ ముద్దలో కలిపేసి, ఉండలన్నీ పళ్లెంలో సర్దింది. తడిగుడ్డ కప్పింది. పళ్లెం మీద కర్ర అడ్డంగా పెట్టి, పళ్లెమూ పీటా తీసుకెళ్లి ముందు గదిలో తాతారావు కుర్చీ పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని, పన్నెండు రోజులుగా అనుకుంటున్న ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చేసరికి అత్తగారు కూడా అక్కడే నిలబడి ఉంది.

"ఎక్కడికే?" అంది భారతీదేవి.

"గోపాల్‌పూర్, అత్తా."

"ఆ మెలోడీ ఓళ్లు రావట్లేదని సెప్పేడు కదేటి. మరి ఎవలు పాడతారని ఎల్తున్నావు?"

"ఎవలు పాడతారో తెలీదు."

తాతారావు టీవీ చప్పుడు తగ్గించాడు. అతని మొహంలో కోపంకన్నా తికమకే ఎక్కువ ఉంది. పని లేకుండా వెళ్తానంటున్న పెళ్లాన్ని అతను మొదటిసారి చూస్తున్నాడు. స్కూటర్‌లో పెట్రోలు లేదన్నాడు. బస్సుంది అంది. మరి ఈ పిండి ఏటవ్వాలి అని అడిగింది భారతీదేవి, ఈసారి గొంతు పెంచి.

"తడిగుడ్డ కప్పేను అత్తా. సాయంత్రం దాకా పాడవ్వదు. కలిపింది నేను కాదు కదా."

అంతమాట అనేసి చెప్పులు వేసుకుంది. గేటు గొళ్లెం తియ్యడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. వెనక నుంచి ఎవరైనా పిలుస్తారేమో, పిలిస్తే ఆగిపోతానేమో అని భయపడుతూ వీధి చివర దాకా దాదాపు పరిగెత్తింది. ఎవరూ పిలవలేదు. బస్సులో కిటికీ పక్కన కూచున్నాక కూడా పిండి గుర్తొస్తూనే ఉంది. గుడ్డ ఆరిపోతుందేమో, మళ్లీ తడపాలని చెప్పలేదే అనుకుంది. ఇదేం బుద్ధే నీది, అని తనని తనే తిట్టుకుంది.

గోపాల్‌పూర్‌లో జనం బాగానే ఉన్నారు. ఇసకలో షామియానా, ఎర్ర తివాచీ, ముందు వరసల్లో కుర్చీల మీద పెద్దమనుషులు. వెనకాల ఇసకలో పడవల దగ్గర ఆడవాళ్లు గుంపుగా కూచున్నారు. వాసవి వాళ్ల పక్కన చెప్పులు విప్పి కూచుంది. నాలుగింటికి మైకులో ఒకాయన, అనివార్య కారణాల వల్ల ఝరణా మెలోడీ రాలేకపోయిందని ప్రకటించాడు. కుర్రాళ్లు ఈలలు వేశారు, ఎవరో వేరుశనగ తొక్కలు విసిరారు. వాసవికి ఏడుపొచ్చింది. ఆ ఈలలు గౌరి మీద వేస్తున్నట్టు లేదు, ఎప్పుడో తన పేరు చదివినప్పుడు వేసినవేమో అన్నట్టుంది. కాసేపటికి హాస్యబృందంవాళ్లు ఒడియాలో ఏదో అత్తాకోడళ్ల జోకు మొదలెట్టారు. ఆమె వాళ్ల వైపు చూడటం మానేసి, వేదిక పక్కనుంచి కనపడుతున్న సముద్రాన్ని చూస్తూ కూచుంది. ఆ నీళ్లకి ఏ పనీ లేదు. వచ్చి వెళ్తున్నాయి, అంతే. ఎప్పుడు మొదలెట్టిందో గాని, కేసెట్టు రెండో వైపు పాట ఒకటి సన్నగా పాడుతోంది, పెదాలు కదిలీ కదలకుండా. మధ్యలో ఒకచోట ఆగి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఆ చప్పుడు తనకే వినపడింది.

పక్కన వేరుశనగల బుట్టతో కూచున్న బెస్తామె తలతిప్పి చూసింది. ముసలిది, ముక్కుకి రెండువైపులా ముక్కుపుడకలు. గుప్పెడు శనగలు కాగితంలో పోసి ఇస్తూ అడిగింది.

"ఆ పాడే పిల్ల ఎందుకు రానేదో నీకేటైనా తెలుసా అమ్మా?"

"మొగుడు పంపనేదంట."

ముసలామె నాలుక చప్పరించింది. వాసవి ఆకుపచ్చ చీరని, గాజుల్లేని వాచిన చేతుల్ని, ఒంటరిగా పక్కన పడున్న చెప్పుల జతని చూసింది.

"మరి నిన్నెవలు పంపేరు?"

వాసవి శనగ ఒలిచి నోట్లో వేసుకుంది.

"నన్నెవలూ పంపనేదు" అంది. "నేనే వచ్చేను."