వెనక పాయలు

"మామ్మా, ప్లగ్గు ఉందా?"

రెండేళ్ల తరవాత నా మనవరాలు నా గుమ్మంలో నిలబడి అన్న మొదటి మాట అది. భుజాన కాలేజీ బ్యాగు, చేతిలో చీర మడత పెట్టిన కవరు. ఉందన్నాను. లేదంటే అటునుంచటే వెళ్లిపోతుందేమోనని ఆ ఒక్క మాటా రెండుసార్లు అన్నాను.

అలేఖ్య మా గోపి కూతురు. గోపీ, కోడలు మధులతా విడిపోయి ఆరేళ్లయింది. వాడు వేరే పెళ్లి చేసుకుని తగరపువలసలో ఉంటున్నాడు, నాకు ఫోను చేయడం కూడా మానేశాడు. పిల్ల తల్లితో పరవాడలో ఉంటోంది. ఇంటర్ చదివేది మాత్రం ఇక్కడే, దువ్వాడలో, మా ఇంటికి రెండు వీధుల అవతల. రోజూ కాలేజీ బస్సు మా వీధి చివర మలుపు తిరుగుతుంది. ఆ వేళకు నేను ఏదో ఒక పని కల్పించుకుని బయట నిలబడతాను. కిటికీల్లో ఏ తల దానిదో ఒక్కనాడూ పోల్చుకోలేకపోయాను.

బ్యాగులోంచి నల్లటి పట్టకారు లాంటిది తీసి మంచం మీద పెట్టింది.

"ఏటే ఇది?"

"స్ట్రెయిట్‌నర్. మా ఫ్రెండు ఫర్హాది. నాలుక్కి మా ఫేర్‌వెల్ పార్టీ మామ్మా. దీంతో కర్ల్స్ చేసుకోవాలి."

"స్ట్రెయిట్ అంటే తిన్నగా కదేటి? తిన్నగా సేసీదాంతో వంకీలెలా వస్తాయే?"

అది పకపకా నవ్వింది. "తిప్పడంలో ఉంటాదిలే. ముందర నాను చేసుకుంటాను. ఎనకాల నాకు అందదు. నువ్వు చెయ్యాలి."

"మీ అమ్మ సెయ్యదా?"

"అమ్మకి తెలిస్తే చంపేస్తాది. జుట్టు కాలిపోద్దని దీన్ని ముట్టుకోనివ్వదు."

ఎందుకొచ్చిందో అప్పుడర్థమయింది. ఒక ప్లగ్గు కావాలి, ఒక జత చేతులు కావాలి. బాధపడలేదని అనను. కానీ ఆ చేతులు నావే కావాలంది కదా అనుకున్నాను. వెనక పాయలు బాగా కుదిరితే ఇంకోసారి వస్తుంది. పాడుచేశానా, ఇక ఈ గుమ్మం తొక్కదు. పరీక్షలయ్యాక ఏ ఊరి కాలేజీకి పోతుందో ఏమో. ఆ భయంతోనే దాని వెనక పీట వేసుకుని కూర్చున్నాను.

అది ఫోనులో వీడియో చూస్తోంది. నేను జుట్టు చిక్కు తీశాను. నడుము దాటిన జుట్టు, అచ్చం వాళ్ల అమ్మది. ఆడపిల్ల వీపు తిప్పి ముందు కూర్చుంటే నా చెయ్యి ఎటు పోతుందో నేను చూసుకోను. ఎప్పుడు గూట్లోంచి కొబ్బరినూనె సీసా తీశానో, ఎప్పుడు అరచేతిలో వొంపుకుని వెనకంతా పట్టించానో నాకే తెలియదు.

అలేఖ్య పక్కనుంచి ఒక పాయ తీసి స్ట్రెయిట్‌నర్ మధ్యలో పెట్టి నొక్కింది. చుయ్‌మంది. తెల్లటి పొగ లేచింది. కమురు కంపు.

"ఏటి రాసావు మామ్మా?"

"నూనే కదమ్మా..."

"నూనె రాసీసావా! ఎవరైనా నూనె రాస్తారేటి దీనికి? అయిపోయింది. అంతా అయిపోయింది." ఫోను మంచం మీదికి విసిరేసింది. కళ్లల్లో నీళ్లు.

పాయ చూశాను. కాలలేదు, చివర్లు కాస్త బిరుసెక్కాయి. "తలంటుకో అమ్మా, షాంపూ తెస్తాను" అని చెప్పులు కూడా లేకుండా సందు చివర వరహాలమ్మ కొట్టుకు పరిగెత్తాను. మూడు షాంపూ ప్యాకెట్లు కొని వస్తూ, తిరిగొచ్చేసరికి పిల్ల ఉండదనే అనుకున్నాను. ఉంది. స్నానాల గదిలో బకెట్టు నిండుతున్న చప్పుడు వినబడింది. తలుపు సందులోంచి ప్యాకెట్లు అందించాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. తలంటుకోవాలి, ఆరాలి, అంటే ఇంకో గంటన్నర అది నా ఇంట్లోనే ఉంటుంది. పిల్ల లోపల ముక్కు ఎగబీలుస్తుంటే నాకు సంతోషం వేసింది. సిగ్గూ వేసింది. రెండూ ఉన్నాయి.

ఫ్యాను కింద జుట్టు ఆరబెట్టి మళ్లీ మొదలుపెట్టాం. ముందర పాయలు అది చేసుకుంది. వెనక నన్ను పాయ పట్టి, సగం తిప్పి, మెల్లగా కిందికి లాగాలంది. దాని మెడకు తగులుతుందేమోనని తిప్పకుండానే లాగేశాను. జుట్టు తాటాకులా తిన్నగా నిలబడింది. రెండోసారీ అంతే.

"మూడయిపోయింది మామ్మా. ఫర్హా వచ్చెస్తాది."

"ఒసే, ఇది తిప్పడం నా వల్ల కాదు. జడైతే అల్లగలను. తడి జడ ఇప్పితే వంకీలు రావా? సన్నంగా జడలల్లుతాను. వాటి మీద దీన్ని పెట్టి నొక్కు. ఇస్త్రీ లాగే కదా."

నా వంక అనుమానంగా చూసింది. "ఇందాకట్లా ఏదీ రాయవు కదా?"

"నా సేతులు సూడు."

నిజంగానే చేతులు రెండూ తిప్పి చూసి, వాసన కూడా చూసింది. నవ్వొచ్చింది ఇద్దరికీ.

ఆరు జడలు చాలు. నేను పదకొండు అల్లాను. పల్చగా ఉంటే బాగుండదని దానితో అన్నాను. అల్లుతూ ఎన్నో అడగాలనుకున్నాను. అన్నం వేళకు తింటున్నావా, రాత్రిళ్లు చదువుతావా, నాన్న ఫోను చేస్తాడా. చివరికి "నొప్పెడతందా?" అని మాత్రం అడిగాను. "ఊహూ" అంది. నేను జడలు భుజం మీదుగా ముందుకు అందిస్తే అది ఒక్కొక్కదాన్నీ పై నుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చింది. వేడి చల్లారాక విప్పాను. మెట్లుమెట్లుగా, వీపంతా అలలు పరుచుకున్నాయి. ఫోనుతో వెనక ఫొటో తీయించుకుని చూసి, "అబ్బా! ముందర నాను చేసుకున్నదానికంటే నీదే బాగుంది" అంది.

చీర కుచ్చెళ్లు సర్దుతుండగా బయట స్కూటీ హారన్ మోగింది. ఫర్హా గేటు దగ్గరనుంచే అరిచింది: "ఏయ్ అలేఖ్యా! ఏ పార్లరే? నాకు చెప్పకుండా ఎల్లిపోయావు!"

"పార్లరూ లేదు, ఏటీ లేదు. ఎక్కుతాను, పద."

మెట్లు దిగినదల్లా చటుక్కున వెనక్కి వచ్చింది. నా చెవి దగ్గర వంగి, "మామ్మా, నానొచ్చానని ఎవరికీ చెప్పకు. అమ్మకి తెలిస్తే మళ్లీ రానివ్వదు" అంది.

"ఎవరికి సెప్తానే" అన్నాను.

వెళ్లిపోయింది. స్కూటీ మలుపు తిరిగేదాకా ఆ వీపు మీద అలలు కనబడ్డాయి. ఈసారి పోల్చుకోవడానికి కష్టపడలేదు.

మళ్లీ అంది. తలుపు దగ్గర నిలబడి ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. మళ్లీ రావాలని మనసులో ఉంటేనే కదా, రానివ్వదని బెంగ. లేదూ, హడావుడిలో నోటికి వచ్చిన మాటేమో. ఈ కాలం పిల్లలు అన్ని మాటలూ ఆలోచించి అంటారా? ఎవరినైనా అడుగుదామంటే, ఎవరికీ చెప్పనని ఇప్పుడే కదా అన్నాను.

గదిలో ఇంకా కమురు వాసన. నేల మీద పొడుగు వెంట్రుకలు, చింపిన షాంపూ ప్యాకెట్లు. అలవాటుగా చీపురు అందుకున్నాను. మనిషి గుమ్మం దాటిన వెంటనే ఇల్లు ఊడవకూడదు, వెళ్లినవాళ్లు తిరిగిరారని మా అమ్మ ఒప్పుకునేది కాదు. అదేమీ ఊరు దాటి వెళ్లలేదు. రెండు వీధుల అవతలికే వెళ్లింది. సాయంత్రానికి వాళ్ల ఇంటికి పోతుంది.

చీపురు మూలన పెట్టేశాను. దీపాలు పెట్టే వేళయింది. నేను పీట మీద కూర్చునే ఉన్నాను, ఫ్యాను గాలికి ఆ వెంట్రుకలు నేల మీద కదులుతూనే ఉన్నాయి.