ఆపదకన్నా ముందొచ్చిన వంట

వెర్లీన్ స్టోక్స్ కారు టిడ్‌వెల్‌ల ఇంటి మలుపు తిరిగేసరికి రేడియోలో ఆ అబ్బాయి పేరు మూడోసారి చెప్పారు.

పేరొక్కటే అయితే సరే. చదివే బడి, ఇల్లుండే రోడ్డు, పుట్టినప్పుడు ఆడపిల్ల అనుకొని పెట్టిన పాత పేరు, అన్నీ చెప్పేశాడు రస్టీ గాంట్. డోవ్ క్రీక్‌లో పొద్దున కాఫీ తాగుతూ ఊరంతా వినే గొంతు అతనిది. ఈ సమాచారం కోర్టు లోపలినుంచే వచ్చిందని చివర్లో ఓ మాట తగిలించాడు. ఎవరిచ్చారో మాత్రం చెప్పనన్నాడు.

రోడ్డు పొడవునా పికప్ ట్రక్కులు నిలిచి ఉన్నాయి. ఎవరూ అరవడం లేదు. ఇంజన్లు ఆపకుండా కూర్చున్నారు, అంతే. మధ్యమధ్య ఎవడో ఒకడు హారన్ మోగిస్తున్నాడు. దారికి అడ్డంగా ఉన్న ట్రక్కులో మనిషిని వెర్లీన్ గుర్తుపట్టి అద్దం దించింది.

"నీ విడాకుల ఫైలు ఇంకా నా బీరువాలోనే ఉంది డ్వేన్. నీకు రేడియో అంటే ఇంత ఇష్టమని నాకు తెలీలేదు."

డ్వేన్ ట్రక్కు పక్కకి తీశాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఫెడరల్ కోర్టులో వాదన ఉంది. పుట్టుకతో తమకి రాసిపెట్టిన లింగం తమది కాదనే పిల్లలకి పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఏ డాక్టరూ హార్మోన్ మందులు రాయకూడదని శాసనసభ చట్టం చేసింది. సోమవారం నుంచి అమలు. దాన్ని ఆపమని కోర్టుకెక్కినవి మొదట మూడు కుటుంబాలు. ఒకరు ఇల్లమ్ముకొని, ఇలాంటి చట్టం లేని ఇల్లినాయ్ రాష్ట్రానికి వెళ్లిపోయారు. ఇంకొకరు భయపడి తప్పుకున్నారు. మిగిలింది టిడ్‌వెల్‌లు. పిల్లవాడి పేరు బయటికి రాకూడదని కోర్టు ఆజ్ఞ ఉంది. కాగితాల్లో అతను జాన్ రో. వీళ్లు కూడా తప్పుకుంటే అడిగేవాళ్లే లేరు కాబట్టి కేసే ఉండదు. సోమవారం నుంచి పదహారేళ్ల వేడ్ టిడ్‌వెల్‌కి మందు ఉండదు.

వంటింటి గుమ్మంలోనే డార్లా ఎదురొచ్చింది. స్కూలు బస్సు నడిపే మనిషి. నలభై మంది పిల్లల గోలని ఒక్క చూపుతో అణిచేది. ఇవాళ ఆమె చేతులు వంటింటి గుడ్డని పిండుతూనే ఉన్నాయి, అందులో నీళ్లు లేకపోయినా.

"మేం తప్పుకుంటున్నాం, మిస్ వెర్లీన్. కాగితాలు తెచ్చారా?"

వెర్లీన్ వాదించలేదు. ముప్పయ్యేళ్లుగా ఆ ఊళ్లో పొలాల దస్తావేజులూ విడాకులూ చూసిన లాయరు ఆమె. వద్దన్నవాళ్ల చేత ఆ వద్దు మొత్తం చెప్పించాకే నోరు విప్పాలని ఆమెకి అలవాటు. డార్లా చెప్పుకుపోయింది. కాగితాల మీద పోరాటమంటే సరేనన్నాం గానీ, కొడుకు పడుకునే గది కిటికీ ముందు ట్రక్కులు నిలబెట్టుకుంటామనలేదని. భర్త రాయిస్ కిటికీ దగ్గర వీపు చూపిస్తూ నిలబడ్డాడు. అతను కరెంటు స్తంభాలెక్కే పనిమంతుడు, మాటలు తక్కువ.

మెట్ల మీద కూర్చుని వేడ్ బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. రెండేళ్ల కిందట ఈ అబ్బాయి ఫోన్లో కూడా మాట్లాడేవాడు కాదు. తన గొంతు తనకే పడేది కాదు. మందు మొదలయ్యాక గొంతు మారింది. ఇప్పుడు బడిలో బేస్‌బాల్ ఆట జరిగితే మైకులో స్కోరు చెప్పేది అతనే. కేసు ఒప్పుకున్నప్పుడు వెర్లీన్‌కి ఈ విషయాల్లో ఓనమాలు రావు. చదివి నేర్చుకున్నది కొంత. మిగతాదంతా ఆ మైకులో గొంతు విని నేర్చుకుంది.

"ఎవరు చెప్పారో నాకు తెలుసు, ఇవాళే తేలుస్తా" అంది వెర్లీన్. జాన్ రో అసలు పేరు కోర్టులో ముగ్గురికే తెలుసు. జడ్జి, తను, ప్రభుత్వం తరఫు లాయరు ప్రెస్టన్ మాబ్రీ. దారిలోనే జడ్జి ఆఫీసుకి ఫోన్ చేసి మాబ్రీ పేరు చెప్పింది. వాదనకి ముందు ఇద్దరినీ తన గదికి రమ్మన్నాడు జడ్జి. అప్పటికే మాబ్రీ పైవాళ్లు అతన్ని కేసులోంచి పక్కకి జరగమన్నారట. నేరం రుజువైతే అతను మళ్లీ లాయరుగా పని చెయ్యలేడు. జడ్జికి ప్రభుత్వం మీద కోపమొస్తే మనకి మంచిదేనని కూడా వెర్లీన్ దాచకుండా చెప్పింది.

బల్ల నిండా గిన్నెలున్నాయి. పంది మాంసం, చిక్కుడు గింజలు, అరటిపండు పుడ్డింగు. చట్టం కావాలని ఇంటిముందు బోర్డు పెట్టుకున్నావిడే ఆ మాంసం పంపింది. డోవ్ క్రీక్ తీరే అంత. ఎవరి అభిప్రాయం వాళ్లదే, కష్టమొచ్చిన ఇంటికి మాత్రం వంట వెళ్లాల్సిందే. రాయిస్ చెల్లెలు ట్వైలా కూడా వాళ్లతో కోర్టుకి రావాలి. పొద్దుట్నుంచీ ఫోన్ ఎత్తడం లేదని డార్లా విసుక్కుంది. తన ఇంటి వెనక వరండాలో జుట్టు కత్తిరించే దుకాణం నడుపుకుంటుంది ట్వైలా. వేడ్‌కి మొదటిసారి జుట్టు పొట్టిగా కత్తిరించింది ఆమే. డార్లాకి డ్యూటీ పడిన రోజుల్లో అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లేదీ ఆమే.

వంటింట్లోకి వచ్చిన మనిషిని ఖాళీ కడుపుతో పంపడం డార్లాకి చేతకాదు. మనసెంత చెదిరినా చేతికందిన గాజు గిన్నెలోంచి ఇంత వడ్డించింది. గసగసాల చికెన్. పైన ఉప్పు బిస్కెట్లు నలిపి చల్లి ఓవెన్లో ఎర్రగా కాల్చినది. వెర్లీన్ రెండు చెంచాలు తిని, రేడియో విన్న కాసేపట్లోనే ఇంత కష్టపడిందెవరని అడిగింది.

"అది ఇవాళ్టిది కాదు. నిన్న సాయంత్రం వరండాలో పెట్టి వెళ్లారు."

వెర్లీన్ చెంచా కింద పెట్టింది.

చావు, పురుడు, ఆపరేషన్, ఇల్లు కాలడం. ఆ ఊళ్లో గిన్నె గుమ్మం దాకా రావాలంటే ముందు ఆపద రావాలి. కోర్టు వాయిదాకి ఎవరూ వండి తీసుకురారు. నిన్న సాయంత్రానికి ఈ ఇంటికి ఏ ఆపదా లేదు. పొద్దున్నే రాబోతోందని ఒక్కరికే తెలుసు, దాన్ని రస్టీ గాంట్ చేతిలో పెట్టిన మనిషికి. ఆ మనిషి చేసిన పనికి మనసు ఊరుకోక పొయ్యి వెలిగించింది. వండింది గానీ తలుపు తట్టే ధైర్యం లేకపోయింది.

"ఈ గిన్నె ఎవరిది?"

డార్లా గిన్నె వంక చూసింది, తర్వాత భర్త వంక. రాయిస్ ఇటు తిరగలేదు. అతని మెడ మీద నరం లేచింది. మెట్ల మీద వేడ్ చేతులు లేసుల దగ్గరే ఆగిపోయాయి. ముగ్గురికీ ఒకేసారి తెలిసిందని వెర్లీన్‌కి అర్థమైంది. తను ఓ కుర్రలాయరు బతుకు మీద అబద్ధం మోపి వచ్చానని కూడా.

"నాకు చెప్పకండి" అంది. "నాకు తెలిస్తే జడ్జికి చెప్పక తప్పదు. తెలియకపోయినా, మాబ్రీ మీద నేనన్నది తప్పని ఇవాళ ఒప్పుకోవాలి. అది మాత్రం ఆగదు."

రాయిస్ అప్పుడు తిరిగాడు. ఆ మాట చెప్పడానికి సోమవారం దాకా ఆగలేరా అని అడిగాడు. పేరు సొంతవాళ్ల నుంచే పోయిందని తెలిస్తే జడ్జి ఆ రక్షణ తీసేస్తాడేమో కదా, తలుపులు తెరిచిపెట్టి అందరి ముందూ పిల్లవాడికి ప్రశ్నలు వేస్తారు కదా అన్నాడు. వెర్లీన్ అవునంది. వెయ్యొచ్చు. ఆ మాబ్రీ పిల్లాడు రెండు రోజులు అనుమానం మొయ్యలేడా అన్నాడు రాయిస్. అని, తన మాట తనకే నచ్చనట్టు మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

వేడ్ లేచాడు. "నేను వస్తున్నా మిస్ వెర్లీన్."

"ఎక్కడికీ వెళ్లడం లేదు" అంది డార్లా.

"అమ్మా, పొద్దుట్నుంచీ ఊరంతా ఆ పాత పేరే వింటోంది. ఇంట్లో కూర్చుంటే అదే మిగిలిపోతుంది. నా పేరు నేను చెప్పుకొని వస్తా. నువ్వు బస్సులో ఎవర్నైనా మధ్యలో దింపేశావా ఎప్పుడైనా?"

 డార్లా లోపలికెళ్లి ఇస్త్రీ చొక్కా తెచ్చింది. దాని కాలరు సరిచేస్తున్నప్పుడు ఆమె చేతులు ఇందాక గుడ్డ పిండిన చేతుల్లా లేవు. బస్సు తాళం తిప్పే చేతుల్లా ఉన్నాయి.

బయటికి తీసుకెళ్లే పని రాయిస్ చేశాడు. కారెక్కలేదు. కారు ముందు నడిచాడు. పోయిన వసంతంలో సుడిగాలి వచ్చి ఊరు చీకటైపోయినప్పుడు ఈ ట్రక్కులవాళ్ల ఇళ్లన్నిటికీ కరెంటు తెచ్చింది అతనే. ఒక్కొక్క అద్దం దగ్గర ఆగి, పేరు పెట్టి పిలిచి, గుడ్ మార్నింగ్ చెప్పాడు. కొందరు తలదించుకున్నారు. ఒకడు మొండిగా హారన్ మీద చెయ్యి పెట్టే ఉంచాడు. అతనికీ చెప్పాడు. దారి ఇచ్చారు. రోడ్డు చివర అతనూ కారెక్కాడు. వెర్లీన్ తన జీవితంలో చాలా వాదనలు విన్నది. ఇంత గట్టి వాదన వినలేదనుకుంది.

పెట్రోలు బంకు దగ్గర ఆపమన్నాడు వేడ్. కిందికి దిగి, వాళ్లకి దూరంగా నిలబడి ఫోన్ చేశాడు. కారు అద్దంలోంచి వెర్లీనూ, వెనక సీట్లోంచి తల్లిదండ్రులూ చూస్తూ కూర్చున్నారు. అతను మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ. తిరిగొచ్చేటప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో కోక్ సీసా, ఆ ఊళ్లో అందరి అలవాటు ప్రకారం అందులో పోసుకున్న ఉప్పు పల్లీలు. ఎవరితో మాట్లాడాడో వెర్లీన్ అడగలేదు, అతనూ చెప్పలేదు. కోర్టు వచ్చేదాకా పల్లీలు నములుతూనే ఉన్నాడు.

జడ్జి ఓగల్‌ట్రీకి డెబ్బై దాటాయి. వెర్లీన్‌కి వ్యతిరేకంగా చాలాసార్లు తీర్పిచ్చాడు, ఒక్కసారీ మర్యాద తప్పలేదు. ఆయన గదిలో మాబ్రీ ఓ మూల నిలబడ్డాడు. ముప్పై నిండని మనిషి. ముఖం పాలిపోయింది గానీ టై ముడి మాత్రం బిగువుగానే ఉంది. టిడ్‌వెల్‌లు గోడ పక్క కుర్చీల్లో కూర్చున్నారు.

వెర్లీన్ చుట్టూ తిప్పలేదు. పొద్దున మాబ్రీ గారి మీద తను చేసిన ఆరోపణ తప్పని, వెనక్కి తీసుకుంటున్నానని, అతనికి క్షమాపణ చెబుతున్నానని అంది. ఆధారమేమిటని జడ్జి అడిగాడు. వంట ముందురోజు సాయంత్రమే వచ్చిందని చెప్పింది. ఇంకెక్కడైనా అయితే నవ్వేవాళ్లు. జడ్జి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. మాబ్రీ కూడా అక్కడి వాడే. అతనూ నవ్వలేదు.

"నిన్న సాయంత్రమే. వరండాలో" అన్నాడు జడ్జి, తనలో తను అనుకున్నట్టు. "మరి ఎవరు?"

తనకి తెలియదని, తెలుసుకోలేదని వెర్లీన్ చెప్పింది. జడ్జి పెదవి విరిచాడు. లాయరు మాట వెనక్కి తీసుకున్నంత మాత్రాన రేడియో మాట వెనక్కి పోదన్నాడు. కోర్టు లోపలి మనిషేనని ఊరంతా విన్నది, ఎవరో తేలకపోతే ఆ మచ్చ మాబ్రీ మీదే ఉండిపోతుందన్నాడు. ఆయన చూపు వేడ్ మీద పడింది.

మాబ్రీ అడుగు ముందుకేశాడు. "ఆ అబ్బాయిని అడక్కండి సార్. నామీదే ఉండనివ్వండి. సొంతవాళ్లెవరో చెప్పమని పదహారేళ్ల పిల్లాణ్ణి అడిగి నా ఉద్యోగం నిలబెట్టుకోలేను."

ఇంకాసేపట్లో ఇదే మనిషి, పైవాళ్లు ఒప్పుకుంటే, వేడ్ మందు ఆపాలని వాదిస్తాడు. నిజాయితీగానే వాదిస్తాడు. వెర్లీన్ అతని వైపు చూసింది. పొద్దున తనెంత తేలిగ్గా అతని పేరు చెప్పిందో గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

వేడ్ కుర్చీలోంచి లేచాడు. డార్లా చెయ్యి అతని మోచేతి దాకా వెళ్లి ఆగిపోయింది.

"నేను చెప్తాను సార్. ముందు ఇంకో మాట. నాకు జాన్ రో అక్కర్లేదు. నా పేరు వేడ్ టిడ్‌వెల్. ఈ కేసులో ఆ పేరుతోనే ఉంటాను."

బయట విలేకరులున్నారని, తలుపు తెరిచే ఉంటుందని, ఒకసారి చెప్పాక ఈ మాట వెనక్కి రాదని జడ్జి మెల్లగా చెప్పాడు. మీ లాయరు ఇవన్నీ చెప్పిందా అని అడిగాడు. చెప్పిందన్నాడు వేడ్. తల్లిదండ్రుల వంక చూశాడు జడ్జి. రాయిస్ తలూపాడు. డార్లా "వాడి పేరు వాడిష్టం" అంది. ఆ మాటతో కేసు నిలబడింది. గెలుస్తారో ఓడతారో ఒంటిగంట తర్వాత సంగతి. అడిగేవాడంటూ ఒకడు మిగిలాడు.

"నువ్వు రెండో సంగతి చెప్పక్కర్లేదు బాబూ" అన్నాడు జడ్జి. "నేను బలవంతం చెయ్యను."

"చెప్పాలి సార్. లేకపోతే మాబ్రీ గారి ఉద్యోగం పోతుంది. ఆయనేం చెయ్యలేదు." వేడ్ గొంతు మైకులో లాగే స్పష్టంగా వచ్చింది. "దార్లో ఫోన్ చేస్తే ఒప్పుకుంది. నేను లోపల డాక్టరు దగ్గరున్నంతసేపూ ప్రతిసారీ కారులో కూర్చుని ఏడ్చేదట. నాకు తెలీదు. పద్దెనిమిది వచ్చేదాకా ఆగితే నా మనసు మారుతుందని ఆశ. పేరు బయటపడితే అమ్మ కేసు వదిలేస్తుందనుకుంది. కోర్టులోంచి వచ్చిందన్న మాట రేడియోవాడు తగిలించుకున్నదేనట. మాకు కష్టమని తెలిసే చేసింది. ఆవిడకి నేనంటే ప్రాణం సార్, అది కూడా రాసుకోండి."

 రాయిస్ టోపీ తీసి మోకాళ్ల మీద పెట్టుకొని దాని వంకే చూస్తున్నాడు.

"ఎవరు బాబూ?" అన్నాడు జడ్జి.

వేడ్ తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"ట్వైలా టిడ్‌వెల్ సార్. మా అత్త."