ఐదు నిమిషాల్లో తెమలని పాపం

గ్రీసులోని మా కసోస్ దీవి నుంచి పక్క దీవి కార్పథోస్‌కి పడవలో గంటన్నర, విమానంలో ఐదు నిమిషాలు. బెల్టు పెట్టుకోవడం చేతకానివాళ్లు దిగే వేళకి కూడా దానితోనే కుస్తీ పడుతుంటారు.

ఆ రోజు గాలి ఎక్కువగా ఉండి పడవలు ఆపేశారు. డెబ్బై ఏళ్ల మరిగో కట్టుడుపళ్లు సరిచేయించుకోవడానికి జీవితంలో మొదటిసారి విమానం ఎక్కింది. పక్కసీటులో మా చర్చి ఫాదర్ మినాస్, భార్య కళ్లజోడు తేవడానికి బయల్దేరాడు; మా చర్చిలో ఫాదర్లు పెళ్లి చేసుకోవచ్చు. వెనక సీటులో నేను, ఊరి పోస్టుమాన్ని. చెవులు మూసుకునేంత మర్యాదస్తుణ్ణి కాదు.

విమానం లేవగానే మరిగో ఫాదర్ చెయ్యి పట్టుకుంది.

"నా పాపాలన్నీ చెప్పేసుకుంటాను, వినండి."

"ఐదు నిమిషాలేనమ్మా ఉంది."

"గబగబా చెప్తాను."

పక్కింటివాళ్ల అంజూరపళ్లు కోసుకుంది. అత్తగారి కాఫీలో ఉప్పు కలిపింది. చర్చి హుండీలో చొక్కా గుండీలు వేసింది.

"ఆ గుండీలు నీవా?"

"అసలుది ఇంకా రాలేదు. మా ఆయన్ని పాతిపెట్టిన రోజు నేను..."

చక్రాలు నేలకి తాకాయి. మరిగో సంచీ తీసుకుంది.

"ఆ రోజు నువ్వు?" అన్నాడు ఫాదర్.

"దిగిపోయాం కదా. ఇప్పుడంత అవసరం లేదు లెండి."

పాపం ఆయన పంటి డాక్టరు గుమ్మం దగ్గర కాపు కాశాడు, కాఫీ ఇప్పించాడు. ఆవిడ కాఫీ తాగింది తప్ప నోరు విప్పలేదు.

సాయంత్రం తిరుగు విమానంలో బతిమాలి మరీ ఆవిడ పక్కనే కూర్చున్నాడు. వెనక సీటులో మళ్లీ నేనే. గాలి మరీ పెరిగింది. కసోస్ మీదికి వచ్చిన విమానం దిగబోయి మళ్లీ పైకి లేచింది. రెండోసారీ అంతే. ఐదు నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి. ఫాదర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఉదయం ఒకసారి ఎక్కిన అనుభవంతో మరిగో తీరిగ్గా పిప్పరమెంటు చప్పరిస్తోంది.

"అమ్మా, నేనే నీకొకటి చెప్పాలి," అన్నాడు ఫాదర్. "మీ ఆయన అంత్యక్రియల ప్రార్థనలో నాలుగు పేజీలు ఎగ్గొట్టాను. ఆ సాయంత్రం ఫుట్‌బాల్ ఫైనల్ ఉంది."

"అందుకేనా అంత తొందరగా అయిపోయింది. ఎవరు గెలిచారు?"

"మనవాళ్లు ఓడిపోయారు."

"మంచి పనైంది."

పిప్పరమెంటు బుగ్గన పెట్టుకుని తనే అంది. "నాదీ ఆ రోజు సంగతే. ఎంతకీ ఏడుపు రాకపోతే రుమాల్లో ఉల్లిపాయ పెట్టుకున్నాను. నలభై ఏళ్లు ఆ గురక విన్నానా, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ప్రాణం ఎంత హాయిగా ఉందో."

మూడోసారికి విమానం దిగింది.

మర్నాడు ఉదయం ఆ నాలుగు పేజీలూ చదవడానికి ఫాదర్, మరిగో భర్త నికితాస్ సమాధి దగ్గరికి వచ్చాడు. మరిగో ఇంటినుంచి పీట తెచ్చుకుని కూర్చుంది. చూస్తుండగానే ఊరంతా చేరింది. మూడో పేజీ అవగానే ఆవిడ లేచింది.

"ఇక చాలు ఫాదర్. నికితాస్ బతికున్నప్పుడే మీ ప్రార్థనల్లో నిద్రపోయేవాడు."

"ఇంకొక్క పేజీయే అమ్మా."

"అది నేను పోయాక, నా ప్రార్థనతో కలిపి చదవండి. మ్యాచ్ లేని రోజు చూసి పోతాలెండి."

తర్వాత మరిగో, చనిపోయినవాళ్ల పేరిట మా ఊళ్లో ఉడికించే గోధుమలు అందరికీ దోసిళ్ల నిండా పంచిపెట్టింది. ఇంతమందికి సంగతి ఎలా తెలిసిందో ఆవిడకి అర్థమైనట్టుంది. నా దగ్గరికి వచ్చేసరికి గిన్నెమీద మూత పెట్టేసింది.