మిషను బల్ల మీది మిరపచెట్టు

ఇవి మా ఆయన పోయాక నేర్చుకున్న అక్షరాలు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదవండి. రాయడం నత్తనడక, అందుకే కథ చిన్నది.

మూడో అంతస్తులో, ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళుండేవారు. ఒకే పొట్లంలోని విత్తనాలు పంచుకుని, ఒకేలాంటి పాత రంగు డబ్బాల్లో ఎవరి గదిలో వాళ్ళు మిరపమొక్క పెంచారు. పెద్దకోడలి గదిలో, తెరుచుకోని అద్దాల కిటికీలో కొత్తిమీర, పుదీనా గుబురుగా పెరిగాయి. మిరప మాత్రం పూసిన పువ్వు పూసినట్టే రాల్చేసేది. చిన్నకోడలు బట్టలు కుట్టేది. ఆమె మిషను బల్ల మీది చెట్టు విరగకాసేది.

అత్తగారికి పచ్చిమిరపకాయ కొరకనిదే ముద్ద దిగదు. కంచం ముందు కూర్చోగానే "చిన్నదానా, ఒక కాయ తేవే" అనేది. వండింది పెద్దకోడలు, వడ్డించింది పెద్దకోడలు, పిలుపు మాత్రం చిన్నదానికి. ఇన్నేళ్ళ చాకిరీని వేలెడంత మిరపకాయ మింగేసిందని పెద్దకోడలి కడుపు కుతకుత ఉడికేది. ఒక్కసారైనా ఆ పిలుపు తనకు రావాలి.

వాడేసిన టీపొడి కడిగి వేసింది, పుల్లమజ్జిగ పోసింది. లాభం లేదు. నీ చెట్టుకేం పెడుతున్నావని అడిగితే చిన్నకోడలు ఉత్త నీళ్ళేనంది. నమ్మడానికి నా చెవిలో పువ్వుందా అనుకుంది పెద్దకోడలు.

చిన్నదాని చెట్టు ఒక కాపు కోసేశాక రెండు చెట్లూ మళ్ళీ పూతకొచ్చాయి. చిన్నకోడలు దారం కొనడానికి బజారుకెళ్ళిన పూట, పెద్దకోడలు డబ్బాలు మార్చేసింది.

కొత్తగా వచ్చిన చెట్టు ఆమె కిటికీలో పూతంతా రాల్చింది. మిషను బల్ల మీదికి వెళ్ళిన ఆమె సొంత చెట్టు గుత్తులుగా కాసింది. అత్తగారు కాయ కొరికి, ఈసారి ఘాటు బాగుందని చిన్నకోడల్ని మెచ్చుకుంది. తన చెట్టు, తన టీపొడి, పేరు ఇంకొకరిది. చెబితే దొంగతనం బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా గరిటె పట్టుకుని నిలబడింది.

ఆ సాయంత్రం చిన్నకోడలు గదిలోకి పిలిచింది.

"అక్కా, ఈ డబ్బాలో టీపొడుంది. నేనెప్పుడూ వెయ్యలేదు. నీ చెట్టు నా దగ్గరికి కాపురానికొచ్చినట్టుంది."

పెద్దకోడలు తల దించుకుంది. అత్తయ్యతో చెప్తావా అని మెల్లగా అడిగింది.

"ఏమని చెప్పను? మీ పెద్దకోడలు నా చెట్టు ఎత్తుకెళ్ళి, తన చెట్టు కాయలు నాకిచ్చిందనా? నవ్వలేక ఆవిడకి పొలమారుతుంది."

అని మిషను జోరుగా తొక్కింది. బల్ల దడదడలాడింది, పువ్వులు వణికాయి, సన్నటి పుప్పొడి ఆకుల మీద రాలింది. గాలీ తేనెటీగా రాని గదిలో, ఆ వణుకుకే పూత పిందె కడుతోంది.

ఎవరి డబ్బా వాళ్ళకు చేరింది. పెద్దకోడలు రోజూ వంట కాగానే గరిటె కాడతో పూలకొమ్మల్ని మెల్లగా తట్టేది. పిందెలు నిలిచాయి, కాయలయ్యాయి.

ఒకరోజు అత్తగారు అలవాటుగా చిన్నదాన్ని పిలిచింది. చిన్నకోడలు మిషను ఆపకుండానే, తన చెట్టుకు కాపు లేదు, అక్కనడగండి అంది.

"పెద్దదానా, ఒక కాయ తేవే."

పెద్దకోడలు పరుగున తెచ్చి కంచంలో పెట్టింది. తిరిగొస్తూ చిన్నదాని గదిలోకి తొంగి చూసింది. మిషను బల్ల మీది చెట్టు నిండా కాయలే. చివరికి ఆ పిలుపు కూడా చిన్నదే పెట్టిన భిక్షా అని, చల్లారిన కడుపు మళ్ళీ భగ్గుమంది.

ఇట్లు, అందరూ పొట్టిపిన్ని అని పిలిచే నేను. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడుంటున్నది మేనకోడలింట్లో, వంటగది పక్కగదిలో.