ఎదురెదురుగా ఇద్దరు

నేను ఒక తిరగలిని. రెండు రాళ్ళు, ఒక కర్ర పిడి; నాలో ఉన్నవి ఇవే. తుని దగ్గర కొండ పక్కన రాళ్ళు కొట్టే అప్పన్న నన్ను చెక్కాడు. చెక్కినంతసేపూ భార్యతో వాదిస్తూనే ఉన్నాడు. పుట్టగానే నేను విన్నది మనిషి మాట.

నన్ను కొన్న ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు నా ముందు ఎదురెదురుగా కూర్చునేవారు. ఒకే పిడిని ఇద్దరూ పట్టుకోవాలి. పిడి తనవైపు వచ్చినప్పుడు ఒకరు లాగుతారు, ఎదుటివారు చెయ్యి వదులు చేస్తారు. తర్వాత రెండోవారి వంతు. మాటలూ అలాగే సాగేవి. అత్తగారి మీద ఫిర్యాదులు, పిల్లల జ్వరాలు, చెప్పాలా వద్దా అని మధ్యలో ఆపేసినవి. వాళ్ళ మాట ఆగినా నేను తిరుగుతూనే ఉండేదాన్ని. ఆలోచించుకోవడానికి ఆ వ్యవధి సరిపోయేది.

తర్వాత మిక్సీ వచ్చింది. దాన్ని తప్పుపట్టను, నాకంటే త్వరగా చేస్తుంది. అది తిరుగుతుంటే మాత్రం పక్కవాళ్ళ మాట వినబడదు. నన్ను పెరట్లో తులసి కుండీ కింద పెట్టారు. అక్కడినుంచి కాకినాడలో పెళ్ళి సామాను అద్దెకిచ్చే షాపుకు చేరాను. వాళ్ళు నాకు పసుపు రంగు వేసి ఎర్ర బొట్లు పెట్టారు. అప్పటినుంచి నా పని ఫోటో దిగడం. ముత్తయిదువులు గుప్పెడు మినుములు పోసి, ఒక్క చుట్టు తిప్పి, కెమెరా వైపు చూస్తారు. మినుములు సగం విరిగి నాలోనే ఉండిపోతాయి.

మొన్న మాఘమాసంలో సామర్లకోటలో స్నిగ్ధ పెళ్ళికి వెళ్ళాను. ఆ ఇంట్లో మొదటి చుట్టు మేనత్త తిప్పాలి. మేనత్త చంద్రకళకూ, పెళ్ళికూతురి తల్లి అమ్మాజీకీ రెండేళ్ళుగా మాటల్లేవు. అలాగని సంబంధం తెగలేదు. రోజూ పొద్దున్నే ఇద్దరూ కుటుంబం గ్రూపులో గులాబీల బొమ్మలతో శుభోదయం పంపుకుంటారు. చంద్రకళ ఈ తంతు వరకే వచ్చింది. సంచి గుమ్మంలోనే పెట్టి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోతానంది. అత్త లేకుండా పీటల మీద కూర్చోనని స్నిగ్ధ తల్లికి అప్పటికే చెప్పేసింది.

ఫోటోగ్రాఫరు వీడియో కావాలన్నాడు. అత్తనూ తల్లినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఆపమనేదాకా విసరమన్నాడు. ఇద్దరూ పిడి పట్టుకున్నారు. నేను కదల్లేదు. ఇద్దరూ తమవైపే లాగుతున్నారు.

"వదినా, నువ్వు కాస్త వదులు," అంది చంద్రకళ. రెండేళ్ళ తర్వాత మొదటి మాట అదే.

"వదిలాను. లాక్కో మరి."

తిరిగాను. చేతిలో పిడి ఉంటే ఫోన్ పట్టుకోవడం కుదరదు. తలెత్తితే ఎదుటి మనిషి మొహమే కనిపిస్తుంది. చంద్రకళే మొదలుపెట్టింది.

"మీ అన్నయ్యగారు గుండె ఆపరేషనయ్యి ఐసీయూలో ఉంటే, నువ్వు గ్రూపులో ఎలుగుబంటి బొమ్మ పెట్టావు వదినా. దాని చేతిలో బుడగ కూడానూ. ఒక్క ఫోను చెయ్యలేదు."

అమ్మాజీ తన వంతు పిడి లాగింది, మళ్ళీ వదిలింది. నేను తిరుగుతూనే ఉన్నాను.

"చేద్దామనే ఫోను తీశాను చంద్రా. నీ గొంతు వింటే ఏడ్చేస్తాను. నేనేడిస్తే నువ్వేమైపోతావోనని భయమేసింది. చేతికి కళ్ళజోడు దొరకలేదు. పువ్వనుకుని నొక్కాను."

"పువ్వా. ఇంటికొచ్చాక చూపిస్తే ఆయనేమన్నారో తెలుసా? ఇదేంటి, చెల్లెమ్మ తన ఫోటో పెట్టింది అన్నారు."

అమ్మాజీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు భుజానికి తుడుచుకుంది. చేతులు ఖాళీ లేవు. చంద్రకళ కూడా నవ్వేసింది.

ఫోటోగ్రాఫరు చాలన్నాడు. వాళ్ళు ఆపలేదు. సున్నుండలకని వేయించి, మరకు పంపడానికి ఉంచిన మినుములు తెమ్మని అమ్మాజీ కేకేసింది. స్నిగ్ధ డబ్బా తెచ్చి ఇచ్చి, వెనక్కి వెళ్తూ గుమ్మంలోని సంచిని లోపలికి తీసుకుపోయింది. చంద్రకళ చూసింది, విసురుతూనే ఉంది. మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయింది. పిన్నులు, పక్కింటివాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఎవరి ఫోను ఎక్కడ మోగుతోందో ఎవరూ వెతకలేదు.

సాయంత్రం షాపు వ్యాన్ వచ్చింది. డ్రైవరు నన్ను ఎత్తబోతే అమ్మాజీ ఆపింది.

"ఇంకా బోలెడు మినుములున్నాయి బాబూ. రేపు రా."

చంద్రకళ అవునని తలూపుతూ పిడి తనవైపు లాగింది. డబ్బా ఎప్పుడో ఖాళీ అయింది. నాలో ఒక్క గింజ లేదు. రాయి మీద రాయి తిరిగితే అరిగిపోతానని నాకు తెలుసు.

అయినా తిరిగాను.