సడయన్ తెచ్చిన వెండి

మా నాన్న నాచిముత్తు కరూరులో బస్సులకు రంగులు వేసేవాడు. బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఆయనది పేరున్న చెయ్యి. కొత్త బస్సు నుదుటి మీద దేవుడి పేరు, వెనక అద్దం కింద యజమాని కూతుళ్ళ పేర్లు ఆయనే రాయాలని పట్టుబట్టి కూర్చునేవాళ్ళు ఉండేవారు. ఆ సంపాదనలో చాలా భాగం మా ఇంటికి వచ్చేది కాదు. నదిలో దొరికే పాత నాణేలకు పోయేది.

అమరావతి నది మా వీధి చివరే. ఒకప్పుడు చేర రాజులు ఇక్కడి నుంచే ఏలారట. వాళ్ళ నాణేలు, వాళ్ళతో వ్యాపారానికి వచ్చిన రోము వాళ్ళ నాణేలు ఇసుకలో దొరికేవి. వాటి మీదే బతికేవాళ్ళు కొందరుండేవారు. చెక్క పళ్ళెంలో ఇసుక వేసి, నీళ్ళలో తిప్పి తిప్పి కడిగి, అడుగున మిగిలింది మూట కట్టుకుని బజారు వీధికి పోయేవారు. రాగిదైతే పాత సామాన్ల కొట్టుకు, వెండిదైతే వెండి కొట్టుకు. కొట్టువాడు దాని మీద ఏముందో చూడడు. తూకం వేసి, రేటు చెప్పి, కరిగించే మూసలో పడేస్తాడు.

నాన్నకు అది చూస్తే ఒళ్ళు మండిపోయేది. "రెండు వేల ఏళ్ళు నీళ్ళలో ఉన్నా చెక్కుచెదరని మొహాన్ని కాలిపట్టీ చేస్తార్రా మీరు!" అని కొట్టు మెట్ల మీద నిలబడి తిట్టేవాడు. వాళ్ళు నవ్వి, "అయితే నువ్వు కొనుక్కో నాచిముత్తన్నా, మాకు మొహాలతో పనేంటి" అనేవారు.

అలా కొనడం మొదలుపెట్టాడు. ఇసుక కడిగేవాళ్ళలో సడయన్ అనే ఆయనతో ఒప్పందం చేసుకున్నాడు. సడయన్ నాన్నకన్నా చిన్నవాడు, నల్లగా, సన్నగా, ఎప్పుడూ మోకాళ్ళ దాకా తడిసి ఉండేవాడు. నేనూ తమ్ముడు కదిరేశనూ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవాళ్ళం.

"నీకు ఏది దొరికినా ముందు నాకు చూపించు," అన్నాడు నాన్న. "తూకం రేటు మీద ఎంతో కొంత వేసి ఇస్తా. బజారుకు మాత్రం పోకు."

"బజారువాడు మాట్లాడకుండా డబ్బు చేతిలో పెడతాడన్నా. నువ్వయితే పొద్దుటి నుంచి భూతద్దం పెట్టి చూసి, డబ్బులకు రేపు రమ్మంటావు."

"రేపు వస్తే నీ సొమ్మేం పోతుందిరా?"

"నాదేం పోదు. ఇంటి దగ్గర కుప్పాయి చేతిలో నా పరువు పోతుంది."

కుప్పాయి ఆయన భార్య. ఆ మాట అంటూనే నాణెం నాన్న చేతిలో పెట్టేవాడు. ప్రతి ఆదివారం నాన్న నదికి వెళ్ళేవాడు. ఇద్దరూ వంతెన నీడలో కూర్చుని కరకరలాడే తట్టువడలు తింటూ, అరిగిపోయిన రాగి ముక్క మీద ఉన్నది ఏనుగా ఎద్దా అని పోట్లాడుకునేవారు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న గట్టిగా నవ్వడం ఆ ఆదివారాలే వినేదాన్ని.

తర్వాత ఇసుక లారీలు వచ్చాయి. మొదట ఒకటీ అరా, తర్వాత వరసగా. నది మధ్యలో యంత్రాలు దింపి తవ్వారు. మేం ఆడుకున్న తిన్నెల మధ్య ఎక్కడికక్కడ గోతులు పడ్డాయి. ఆ ఏడు ఆడి నెలలో వచ్చే నది పండక్కి పై ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలారు. ఊరంతా స్నానాలకు పోయింది. నీళ్ళు నిండాక ఏది నేలో ఏది గొయ్యో తెలియలేదు. స్నేహితులతో వెళ్ళిన కదిరేశన్ ఒక గోతిలో దిగిపోయాడు. వాడికి అప్పుడు పందొమ్మిది. కాలేజీలో చదువుతున్నాడు. వాణ్ణి బయటికి తీసింది సడయన్ బాబాయే.

నాన్న ఊళ్ళో లేడు. కొత్త బస్సు అప్పగించడానికి దిండిగల్ వెళ్ళాడు. ఆయన వచ్చేసరికి తమ్ముణ్ణి కడిగి, పంచె కట్టి, వసారాలో పడుకోబెట్టి ఉంచారు. నాన్న వాడి పాదాల దగ్గర కూర్చున్నాడు. ఏడవలేదు.

ఆ తర్వాత ఆయన షెడ్డుకు పోలేదు. గోడకేసి తిరిగి కూర్చునేవాడు. కంచం పెడితే పెట్టినట్టే ఉండేది. బలవంతం చేస్తే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మరచిపోయేవాడు. నేను దుప్పట్లు కుట్టే కంపెనీకి పోతూ, పక్కింటామెను కాస్త చూడమని బతిమాలేదాన్ని. ఒకరోజు తట్టుకోలేక సడయన్ బాబాయ్ ఇంటికి పోయి ఏడ్చాను.

"నాన్న కూడా పోయేలా ఉన్నాడు బాబాయ్."

"ఏడవకు కన్నా, నేనొస్తా," అన్నాడాయన.

కొన్నాళ్ళకు వచ్చాడు. నాన్న పక్కన నేల మీద కూర్చుని, పంచె కొంగులో నుంచి ఒక వెండి నాణెం తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. చిటికెనవేలి గోరంత నాణెం. ఒక వైపు రాజు తల, చుట్టూ పాత తమిళ అక్షరాలు. రెండో వైపు ఏమీ లేదు.

నాన్న చాలాసేపు దాన్ని ఊరికే పట్టుకున్నాడు. తర్వాత, "పూంగొడీ, భూతద్దం ఎక్కడ పెట్టావే?" అన్నాడు.

ఆ రాత్రి అన్నం తిన్నాడు.

చేర రాజు బొమ్మ ఉన్న వెండి నాణెం దొరకడం ఎంత అరుదో నాన్న నాకు చెప్పాడు. ఆయన జన్మలో అదే మొదటిది. ఇంకో నెల పోయాక సడయన్ అలాంటిదే మరొకటి తెచ్చాడు. తర్వాత మరొకటి. నాన్న షెడ్డుకు పోవడం మొదలుపెట్టాడు. ఆ వెండి నాణేల కోసం మఖమలు పరిచిన పెట్టె చేయించాడు. ఆదివారాలు మళ్ళీ నదికి పోయాడు, కానీ నీళ్ళ వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. కదిరేశన్ పేరు ఇంట్లో వినిపించేది కాదు. నేను ఎత్తబోతే, "ఇది చూశావా, ముక్కు ఎంత బాగా వచ్చిందో," అని నాణెం నా ముందుకు తోసేవాడు.

రెండేళ్ళ తర్వాత కోయంబత్తూరులో నాణేలు సేకరించేవాళ్ళంతా కలిసి ప్రదర్శన పెట్టారు. కరూరులో ఒక బస్సు పెయింటర్ దగ్గర ఇన్ని చేర నాణేలున్నాయని ఎవరో చెబితే నాన్నను రమ్మన్నారు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను తోడు వెళ్ళాను.

అక్కడ తిరిపురసుందరి గారని ఒక పెద్దావిడ ఉన్నారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. నాన్న పెట్టె తెరవగానే ఆమె మొహం వెలిగింది. ఒక్కో నాణెం అంచులు పట్టుకుని చూస్తూ చూస్తూ ఉండగా ఆ వెలుగు తగ్గింది. అన్నిటినీ వరసగా పేర్చి మళ్ళీ చూశారు.

"నాచిముత్తు గారూ, అలా పక్కకు వస్తారా?" అన్నారు.

నాణేలు తీసుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్ళాం. ఆమె గొంతు బాగా తగ్గించారు.

"ఈ ఒక్కటీ అసలుది. చాలా మంచి నాణెం. దీని మీద రాజు చెవి కింద చిన్న గాటు ఉంది చూడండి. మిగతా అన్నిటికీ అదే చోట అదే గాటు ఉంది."

"రాజుగారి అచ్చులోనే ఆ గాటు ఉందేమోనమ్మా. అన్నీ ఆ అచ్చుతోనే కొట్టి ఉంటారు," అన్నాడు నాన్న.

"ఇవి కొట్టినవి కావండీ. పోత పోసినవి. అంచున ఆకురాయి పెట్టి రుద్దిన గీతలున్నాయి. దీన్ని మట్టిలో ఒత్తి ఎవరో మిగతావి చేశారు." ఆమె అసలు నాణేన్ని నాన్న వైపు జరిపారు. "మీకు తెలిసే ఉంటుందనుకోను."

ఆమె గొంతు తగ్గించినా పక్కనున్న ఒకాయన విన్నాడు. మెడలో గొలుసు, చేతికి ఉంగరాలు, నాణేలు కొని అమ్మేవాడట. ఒకటి తీసి బల్ల మీద మోగించి, "వెండి మాత్రం మంచిదే పెద్దాయనా! కరిగిస్తే అమ్మాయికి మెట్టెలవుతాయి," అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాన్న ఒక్కొక్కటీ ఏరి పెట్టెలో పెట్టుకున్నాడు. ఒకటి కింద పడితే నేను తీశాను.

తిరుగు ప్రయాణంలో ఆయన పెట్టెను సీటు కింద పెట్టేశాడు. కరూరులో దిగి ఇంటికి రాకుండా నేరుగా సడయన్ గుడిసెకు నడిచాడు. సడయన్ గుమ్మంలో కూర్చుని పళ్ళెం బాగుచేసుకుంటున్నాడు. నాన్న పెట్టె ఆయన ముందు తెరిచి పెట్టాడు.

"ఇవి నువ్వు పోసినవా?"

కాదంటాడనుకున్నాను. సడయన్ పళ్ళెం పక్కన పెట్టాడు.

"అవునన్నా. మొదటిది నదిదే. నీకిచ్చే ముందు మట్టిలో ఒత్తి పెట్టుకున్నా."

"ఎందుకురా?"

"ఎందుకంటే ఏం చెప్పను? ఆ నాణెం చూసి నువ్వు భూతద్దం అడిగావు. ఇంకొకటి తేవాలంటే నదిలో ఏముంది? ఇసుకంతా లారీలెక్కి పోయింది. అడుగున బండ కనిపిస్తోంది. నేను కడగడానికి మట్టే లేదన్నా."

"లేదని చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు మళ్ళీ గోడకేసి తిరిగేవాడివి."

లోపల నుంచి కుప్పాయి వచ్చింది. ఆమె గొంతులో బెదురు లేదు, కోపమే ఉంది. "మొదట పోసినవాటికి నా పట్టీలు కరిగించాడు. కల్తీ చెయ్యలేదు. తర్వాత నువ్విచ్చిన డబ్బుతోనే వెండి కొన్నాడు, మిగిలినదానితో గంజి తాగాం. అది తప్పంటే తప్పే. ఆ రోజుల్లో మా పొయ్యి వెలిగిందా అని నువ్వొచ్చి అడిగావా?"

"ఊరుకోవే," అన్నాడు సడయన్.

"నన్ను చావనివ్వాల్సిందిరా," అన్నాడు నాన్న. "పదిమందిలో నిలబెట్టి నవ్వులపాలు చేశావు. ఇక నా గుమ్మం తొక్కకు."

సడయన్ ఆదివారాలు వచ్చి మా గేటు అవతల నిలబడేవాడు. నాన్న బయటికి వచ్చేవాడు కాదు. నేను మంచినీళ్ళిస్తే తాగి, "ఎలా ఉన్నాడు?" అని అడిగి వెళ్ళిపోయేవాడు. కొన్నాళ్ళకు రావడం మానేశాడు.

ఆయన ఎందుకు మానేశాడో పోలీసులు వచ్చాక తెలిసింది. ప్రదర్శనలో నవ్విన ఉంగరాలాయన ఆ పోత పని చూసి, చేసినవాణ్ణి వెతుక్కుంటూ కరూరు వచ్చాడట. తనకూ అలాంటివి చేసి పెట్టమన్నాడు. కడగడానికి నది లేదు, చేతిలో ఆ పనొక్కటే ఉంది. సడయన్ ఒప్పుకున్నాడు. వాటిని ఆ ఉంగరాలాయన తిరుచ్చిలో ఎవరికో అసలువని అంటగట్టాడు, వాళ్ళు కేసు పెట్టారు. ఉంగరాలాయన దొరకలేదు. సడయన్ దొరికాడు.

సాక్ష్యం చెప్పమని నాన్నను స్టేషన్‌కు పిలిచారు. పెట్టె కూడా తెమ్మన్నారు. సడయన్ మూల గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. నాన్న అటు చూడలేదు.

"ఇవి పాత నాణేలని చెప్పి నీకు అమ్మాడు. అవునా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"లేదయ్యా. నేను వెండి కొన్నాను. అతను వెండే ఇచ్చాడు."

"చేర రాజులవని చెప్పలేదా?"

"అతనేం చెప్పలేదు. నేనే అనుకున్నాను."

"నువ్వేమన్నా పిచ్చివాడివా? కోయంబత్తూరులో నీ పరువు తీశాడని ఊరంతా చెప్పుకుంటోంది."

"పిచ్చివాణ్ణే అనుకోండి."

ఆ మాట మీద నుంచి నాన్న కదల్లేదు. సాక్ష్యం లేక, అసలు మనిషి దొరక్క, వారం తర్వాత సడయన్‌ను వదిలేశారు. నాణేల పెట్టె మాత్రం స్టేషన్‌లోనే ఉండిపోయింది. తిరిగి ఇవ్వమని నాన్న అడగలేదు. అందులో అసలు నాణెం కూడా ఉందని నేను గుర్తుచేస్తే, "వాళ్ళనే ఉంచుకోనీ," అన్నాడు. ఇంట్లో మిగిలిన రాగి నాణేలను తిరిపురసుందరి గారు వచ్చి తీసుకెళ్ళారు. ఆమె ఇవ్వబోయిన డబ్బు నాన్న ముట్టుకోలేదు. నేను తీసుకున్నాను. ఇల్లు గడవాలి.

సడయన్‌తో మాత్రం ఆయన మాట్లాడలేదు. దారిలో ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు. "స్టేషన్‌లో కాపాడావు కదా నాన్నా, ఒక్క మాట మాట్లాడితే ఏం పోతుంది?" అని అడిగాను. "కాపాడటం వేరు," అన్నాడు.

మళ్ళీ ఆడి నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతూ కలుపుతూ నాన్న చెయ్యి ఆపాడు.

"కదిరు నీళ్ళలో ఎంతసేపు ఉన్నాడు?"

తమ్ముడు పోయాక అప్పటిదాకా ఆయన నోట ఆ పేరు వినలేదు.

"నాకు తెలీదు నాన్నా."

"తీసినప్పుడు ఊపిరి ఏమన్నా ఉందా? ఏమన్నా మాట్లాడాడా?"

"తెలీదు. నేను పరిగెత్తుకొచ్చేసరికి తిన్నె మీద పడుకోబెట్టేశారు."

"ఎవరికి తెలుసు?"

ఎవరికి తెలుసో ఆయనకూ తెలుసు. కంచంలో చెయ్యి కడుక్కుని, చొక్కా వేసుకున్నాడు. ఇద్దరం సడయన్ గుడిసెకు వెళ్ళాం. తలుపుకు తాళం ఉంది. పక్క గుడిసెలో ముసలామె వెల్లుల్లి ఒలుస్తోంది.

"వాళ్ళు పోయి చాన్నాళ్ళయింది. కేరళలో ఎక్కడో రాళ్ళ క్వారీ అట," అందామె.

"కేరళలో ఏ ఊరు?" నాన్న అడిగాడు.

"ఊరు పేరు నాకేం తెలుసు నాయనా. ఆయనకు దగ్గు పట్టుకుంది. నడవలేకపోతుంటే కుప్పాయి చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది. తిరిగొస్తారో లేదో."

నాన్న ఆ తాళాన్ని ఒకసారి లాగి చూశాడు. తర్వాత నది వైపు నడిచాడు. వెనకే నేనూ వెళ్ళాను. నీళ్ళు ఇంకా వదల్లేదు. ఎటు చూసినా గోతులు, బండలు, బట్టల అద్దకం ఫ్యాక్టరీల నుంచి వచ్చే నీలం నీళ్ళు. మా పక్క నుంచి లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది.

"ఎక్కడే వాణ్ణి తీసింది?" అని అడిగాడు నాన్న.

నేను చుట్టూ చూశాను. ఆ రోజు జనం గుంపుగా నిలబడ్డ తిన్నె కోసం వెతికాను. ఒక గొయ్యి వైపు చెయ్యి చూపించబోయి ఆగిపోయాను.

"తెలీడం లేదు నాన్నా. అప్పుడు ఇక్కడంతా ఇసుక ఉండేది."